ఇల్లు అన్న పేరు మీద, లెక్క నలుగురిది

మా ఇంట్లో గొడవ, మా ఇంటి చోట ఫ్లాట్లు కట్టడానికి వచ్చిన డెవలపర్ తరఫు లాయరు తయారుచేసిన ఒక కాగితంతో బయటపడింది. అన్న దాన్ని వాట్సాప్‌లో పెట్టి, "ఉత్త ఫార్మాలిటీ, ముగ్గురు సంతకాలు పెట్టి పంపండి" అన్నాడు. నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసి రిటైరైనదాన్ని. చదవకుండా సంతకం పెట్టడం నాకు చేతకాదు. నాలుగో పేరాలో ఉంది అసలు సంగతి: "సదరు ఆస్తిలో మాకు గతంలో గాని ప్రస్తుతం గాని ఎట్టి హక్కు, వాటా, సంబంధము లేవు." సంబంధమే లేనివాళ్ల సంతకాలు ఎందుకు కావాల్సి వచ్చాయో రాసిన ఆ లాయరుకే తెలియాలి. పైగా చిన్నోడి, అంటే మా తమ్ముడి, వేలిముద్ర కోసం కింద ఖాళీ కూడా వదిలారు.

నాన్నది నల్గొండ జిల్లా. సర్కారు కొలువు మీద హైదరాబాద్ వచ్చి, మలక్‌పేట వైపు ఒక హౌసింగ్ కాలనీలో రెండు వందల గజాల ఇల్లు వాయిదాల పద్ధతిలో తీసుకున్నాడు. 1989లో ఆయన పోయేనాటికి ఇంకా వాయిదాలు మిగిలి ఉన్నాయి, సేల్ డీడ్ కాలేదు. బాకీ మొత్తం కట్టేస్తే రిజిస్ట్రేషన్ చేస్తామని, అయితే వారసుల్లో ఒక్కరి పేరు మీదే చేస్తామని ఆఫీసులో చెప్పారు. పెద్దోడి పేరు పెడదామంది అమ్మ. ఎవరూ మారుమాట అనలేదు, అనాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. నాన్న గ్రాట్యుటీలో మిగిలినది అమ్మ ఇచ్చింది. అక్క చిట్టీ పాడి ఇచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను కొంత వేశాను. మిగతాదీ రిజిస్ట్రేషన్ ఖర్చూ అన్న పెట్టుకున్నాడు. 1996లో అన్న పేరు మీద సేల్ డీడ్ అయింది.

2004లో అన్న తన పీఎఫ్ లోన్‌తో పైన ఒక అంతస్తు వేసి అద్దెకిచ్చాడు. 2011లో అమ్మ పోయింది. చిన్నోడికి పుట్టుకతోనే మేధోవైకల్యం ఉంది. నలభై దాటినా డబ్బు లెక్క తెలియదు, సంతకం రాదు. అమ్మ పోయాక వాడిని చూసుకున్నది అన్నా వదినా. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగినదంతా చదివి మా వదినను విలన్ అనుకుంటే అన్యాయం. వాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది ఆమే.

సంతకం పెట్టనని నేను చెప్పగానే అన్న ఫోన్ చేశాడు. "రిజిస్ట్రీ నా పేరు మీద ఉన్నది. మీరేం మాట్లాడుతున్నరు?" అన్నాడు. పెద్దమనుషుల్లో కూర్చుందామని మా మేనమామ ఇంట్లో ఒక ఆదివారం పంచాయితీ పెట్టారు. ఆడపిల్లలకు 2005లోనే కదా హక్కు వచ్చింది, మీ నాన్న అంతకుముందే పోయాడు కదా అని ఒకాయన చట్టం చెప్పాడు. తర్వాత మా లాయరు మేడమ్ ఈ మాట విని నవ్వేశారు. 2005 సవరణ పిత్రార్జితం గురించిది. మా నాన్న సొంతంగా సంపాదించుకున్న ఇంటికి దానితో పనే లేదు. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. అంటే నాన్న పోయిన రోజే అమ్మతో కలిపి ఐదు వాటాలు. అమ్మ పోయాక ఆమె వాటా మా నలుగురికీ సర్దుకుని ఒక్కొక్కరికి పావు వంతు.

ఇంత సులువైతే భాగాల దావా వేసి కూర్చోవచ్చు. చిక్కంతా ఆ 1996 డీడ్ దగ్గర ఉంది. మేడమ్ దాన్నీ, ఈసీనీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్),  అప్పట్లో మేం రాసిచ్చిన అఫిడవిట్నీ, దొరికిన రసీదులనీ తెమ్మన్నారు. అఫిడవిట్ పది రూపాయల స్టాంపు కాగితం మీద టైపు చేసినది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఆమె పెన్సిలు తీసుకుని ఒక్క వాక్యం కింద గీత గీశారు: "మా తండ్రిగారి పేరున గల ఇంటిని మా పెద్దన్నగారి పేరునకు మార్చుటకు మాకు ఎట్టి అభ్యంతరము లేదు." పేరు మార్పుకు అభ్యంతరం లేదన్నాం, అంతే. వాటా వదులుకుంటున్నామని ఎక్కడా లేదు. ఒకవేళ అలా రాసినా, స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం రిజిస్టర్ కాకపోతే చెల్లదన్నారు. చిన్నోడికి అప్పుడు పదహారేళ్లు, వాడి తరఫున అమ్మ సంతకం పెట్టింది. మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా వదిలేసే అధికారం కన్నతల్లికి కూడా లేదట.

"మరి మేం డబ్బులిచ్చాం కదా, అది చాలదా?" అని అడిగాను. అక్కడే ఆమె ట్రస్టుల చట్టం తీశారు. ట్రస్టంటే గుళ్లు, కాలేజీలు, ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపులు అనుకునేదాన్ని. అన్నదమ్ముల ఇంటి గొడవకూ దానికీ సంబంధం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

భారతీయ ట్రస్టుల చట్టం 1882 నాటిది. ఒకరు డబ్బు కట్టి ఇంకొకరి పేరు మీద ఆస్తి కొంటే, పేరున్నవాడు డబ్బు కట్టినవాడి కోసమే దాన్ని పట్టుకుని ఉన్నట్టు అని అందులో 82వ సెక్షన్ చెప్పేది. 1988లో బినామీ చట్టం వచ్చి ఆ సెక్షన్‌ను ఎత్తేసింది. ఎత్తేయడమే కాదు, ఇంకొకరి పేరు మీద ఉన్న ఆస్తి నిజానికి నాదని దావా వేయడాన్నే నిషేధించింది. మాది 1996 నాటి డీడ్. కాబట్టి "డబ్బు మాది, ఇల్లు మాది" అని వెళితే మొదటి మెట్టు మీదే ఆపేస్తారు. అన్న తరఫు లాయరు రాసే మొదటి మాట బినామీ అనే అవుతుందని ఆమె ముందే చెప్పారు, అదే అయింది.

అయితే ఆ బినామీ చట్టమే ఒక మినహాయింపు కూడా పెట్టింది. పేరున్న మనిషి ట్రస్టీగానో, ఇతరులు నమ్మి అప్పగించిన హోదాలోనో వాళ్ల తరఫున ఆస్తిని పట్టుకుని ఉంటే ఆ నిషేధం వర్తించదు. రెండోది, ట్రస్టుల చట్టంలో 90వ సెక్షన్ ఇప్పటికీ బతికే ఉంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు తమ స్థానాన్ని వాడుకుని, మిగతావారి హక్కుకు గండికొట్టే లాభం ఏదైనా పొందితే, ఆ లాభాన్ని అందరి కోసం పట్టుకుని ఉండాల్సిందే అంటుంది అది. కింద ఉదాహరణ కూడా ఇచ్చారు. ఒక ఊరు ఒక హిందూ కుటుంబానిది. అందులో ఒకడు సర్కారుకు నజరానా (సమర్పణ సొమ్ము) కట్టి ఇనాందారుగా, అంటే ఊరి హక్కుదారుగా, తన పేరు రాయించుకుంటాడు. ఊరు మాత్రం అతనితోపాటు కుటుంబంలో మిగతా అందరిదీ. నజరానా తీసేసి వాయిదాల బాకీ అని పెట్టండి, మా ఇల్లే. 140 ఏళ్ల కిందటి చట్టంలో మా కథ దొరుకుతుందని నేనైతే అనుకోలేదు.

దీనికి తోడు 2012లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక బెంగళూరు కేసు చూపించారు. కార్పొరేషన్ ఇంట్లో తల్లి కిరాయిదారు. ఆమె పోయాక ఇల్లు ఒక కొడుకు పేరు మీదికి వచ్చింది, కార్పొరేషన్ అమ్మకం కూడా అతనికే చేసింది. ధరలో తండ్రీ అక్కచెల్లెళ్లూ తలా కొంత వేసుకున్నారు. తర్వాత అతను బినామీ చట్టాన్ని అడ్డుపెట్టుకున్నాడు. అతను మిగతావారి తరఫున నమ్మకస్తుడి హోదాలోనే కొన్నాడని, కాబట్టి ఆ చట్టం అడ్డురాదని కోర్టు చెప్పింది. "మీ వాస్తవాలు దీనికి దగ్గరగా ఉన్నాయి. అట్లని గ్యారంటీ మాత్రం ఇవ్వను" అన్నారు మేడమ్. అలా చెప్పినందుకే ఆమె మీద నాకు గురి కుదిరింది.

ఇంకో మాట కూడా చెప్పారు, ఇది పూర్తిగా హైదరాబాదు కథ. 1948 సెప్టెంబరులో, పోలీసు యాక్షన్ ముగిసిన ఆ రోజుల్లోనే, నిజాం సర్కారుకు చెందిన పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి వెళ్లింది. డెబ్బై ఏళ్లు అది బ్యాంకులోనే ఇరుక్కుని మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఖాతా ఎవరి పేరున ఉన్నా, హైకమిషనర్ దాన్ని ఏడో నిజాం కోసం ట్రస్టుగానే పట్టుకుని ఉన్నాడని 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తేల్చింది. నిజాం మనవళ్లలో ఇద్దరూ, భారత ప్రభుత్వమూ అంతకుముందే తమలో తాము రాజీపడి ఒకవైపు నిలిచారు. ఆ రాజీ మాకు ఒప్పుదల కాదంటూ ఇంకొందరు వారసులు మళ్లీ అదే కోర్టుకు వెళ్లారు. అది ఇంగ్లండ్ న్యాయం, మన చట్టం వేరు. కానీ విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చిన మాట నిజం.

నోటీసు ఇచ్చాం. జవాబులో మూడు అభ్యంతరాలు వచ్చాయి: ఇది బినామీ దావా, మీరు అభ్యంతరం లేదని రాసిచ్చారు, పాతికేళ్లు దాటింది కాబట్టి గడువు చెల్లింది. మొదటి రెండూ మేం ఊహించినవే. మూడోదానికి, ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనమే అన్నది పాత సూత్రం. మిగతావారి హక్కును బాహాటంగా కాదని తోసిపుచ్చినప్పటి నుంచే పన్నెండేళ్ల గడువు లెక్క మొదలవుతుంది. అన్న ఏనాడూ అలా అనలేదు, డెవలపర్ కాగితం వచ్చేదాకా. రాతపూర్వకంగా ఏర్పాటైన ట్రస్టు అయితే ట్రస్టీ మీద దావాకు కాలపరిమితే ఉండదు గానీ, మాది రాసుకున్న ట్రస్టు కాదు కాబట్టి ఆ వాదన మీద ఆధారపడొద్దన్నారు మేడమ్.

2022లో సిటీ సివిల్ కోర్టులో దావా వేశాం. వాటా ప్రకటించాలి, అన్న ఒక్కడే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసివ్వకుండా ఆపాలి, లెక్క చెప్పించాలి అని. కోర్టు ఫీజు విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది, తెలుసుకుంటే మంచిది. ఆస్తి మా ఉమ్మడి స్వాధీనంలోనే ఉందని చెప్పే భాగాల దావాకు నామమాత్రపు ఫీజు. మమ్మల్ని బయటికి నెట్టేశారు అని రాస్తే వాటా మార్కెట్ విలువ మీద కట్టాలి. ఆవేశంలో "మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు" అని రాయించుకునేవాళ్లకు ఆ ఒక్క వాక్యం ఖరీదు లక్షల్లో ఉంటుంది. మాకు ఆ అవసరం రాలేదు. చిన్నోడు ఆ ఇంట్లోనే ఉన్నాడు, బోనాలకు మేమూ అక్కడికే వెళ్లేవాళ్లం.

దావా పడిందని తెలియగానే డెవలపర్ అడ్వాన్సు ఆపేశాడు. దానితో మేనల్లుళ్ల ఫ్యామిలీ గ్రూపులో కొన్నాళ్లు మా మీద మెసేజీలు నడిచాయి. అవి ఇక్కడ రాయను.

కోర్టు వాయిదాల సంగతి అందరికీ తెలిసిందే. రెండు వందల గజాలను నాలుగుగా కోస్తే తలా యాభై గజాలు. పార్కింగుకు కూడా సరిపోని ముక్కలు. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, ఆ తర్వాత ఆస్తిని కొలిచి చూసే కోర్టు కమిషనర్, ఫైనల్ డిక్రీ, పంచలేని ఆస్తి అయితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మించి డబ్బు పంచడం. ఈ దారి మొత్తం మేడమ్ కాగితం మీద గీసి చూపించినప్పుడు అక్క, "అప్పటికి మనలో ఎంతమంది ఉంటారో" అంది. కేసును మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు రాజీ ప్రయత్నానికి, పంపమని మేమే అడిగాం. కోర్టు పంపింది.

నిజానికి నేను ఇదంతా రాస్తున్నది ఆ గదిలో జరిగిన దాని కోసమే. మొదటి సిట్టింగులో అన్న, "నన్ను దొంగను చేసి కోర్టుకీడ్చిన్రు" అన్న ఒక్క మాట మీదే కూర్చున్నాడు. మీడియేటర్ పెద్దాయన, సివిల్ కేసుల్లో ఆరితేరిన మనిషి. ఆయన దొంగ, దొర అనే మాటల జోలికే పోలేదు. ఆ 90వ సెక్షన్ రెండో సగం చదివి వినిపించారు. అందరి కోసం పట్టుకుని ఉండాలి, కానీ అందుకు న్యాయంగా అయిన ఖర్చులో తమ తమ వాటాను మిగతావారు అతనికి తిరిగివ్వాలి.

"అంటే నేను పెట్టిన పైసలు?" అన్నాడు అన్న.

"ముందు అవి లెక్కలోకి రావాలనే ఈ సెక్షన్ చెబుతోంది. తెచ్చారా బిల్లులు?"

మరుసటి సిట్టింగుకు అన్న ఒక ప్లాస్టిక్ కవరు నిండా రసీదులు తెచ్చాడు. ఇంటి పన్ను రసీదులు ఏడాది వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. సిమెంటు బిల్లుల మీద మేస్త్రీ ఫోను నంబరు ఇంకా ఉంది. ఆ బిల్లులు చూస్తుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. మేం ముగ్గురం మా వాటా గురించి మాట్లాడినన్నాళ్లూ, ఆయన పెట్టిన దాని గురించి ఎవరం ఒక్క మాట అనలేదు. ఆయన కోపంలో సగం అక్కడిదే. ట్రస్టు చట్టం ఆయనను యజమాని అనలేదు, మోసగాడు అనీ అనలేదు. లెక్క చెప్పాల్సిన మనిషి అంది, లెక్కలో రావాల్సినది అడిగే హక్కూ ఇచ్చింది. యాభై ఏడేళ్ల మనిషి తమ్ముడి ముందు, చెల్లెళ్ల ముందు తలవంచక్కర్లేకుండా దిగిరావడానికి అంతకు మించిన మెట్టు ఇంకేం దొరుకుతుంది?

లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో తెగనిది ఇదే. అమ్మ ఉన్నంతకాలం వచ్చిన అద్దెలు ఇంటి ఖర్చుకే పోయాయని ఒప్పుకుని పక్కన పెట్టాం. 2011 తర్వాత వచ్చిన అద్దెలు మొత్తం 12 లక్షలుగా తేలింది. అందులోంచి పై అంతస్తు ఖర్చు 5 లక్షల 40 వేలు, పన్నులు, మరమ్మతులు 2 లక్షల 10 వేలు తీసేశాం. మిగిలింది నాలుగున్నర లక్షలు, ఒక్కొక్కరికి 1,12,500. అన్న కింద కాపురమున్నందుకు అద్దె అడగం, చిన్నోడిని సాకినందుకు ఆయన ఖర్చు అడగడు. అలా ఒప్పుకున్నాం. నా 1,12,500 వద్దన్నాను. చాలాసేపటికి అక్క కూడా సరే అంది.

అప్పుడు మేడమ్ అడ్డుపడ్డారు. "మీ వాటాలు మీరు వదులుకోండి. ఆ అబ్బాయిది వదిలే అధికారం మీకెక్కడిది?"

అక్కడి నుంచి కేసు మొత్తం చిన్నోడి చుట్టూ తిరిగింది. తన మంచిచెడ్డలు తాను చూసుకోలేని మనిషి ఉన్న దావాలో రాజీ కుదిరితే, అది అతనికి మేలైనదేనని తృప్తి చెందాకే కోర్టు అనుమతి ఇస్తుంది. వాడి తరఫున దావాలో అక్క కూతురిని పెట్టాం. నాదీ అక్కదీ సొంత వాటా ఉంది కాబట్టి మేం కాకపోవడమే మంచిదన్నారు. గార్డియన్ కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టాం. ఇదొక్కటి ముందే చేసి ఉంచితే ఎంతో టైము కలిసొస్తుంది. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్లు తల్లిదండ్రులుండగానే చేయించుకోవాలి.

బంధువుల్లో ఒకరు, చిన్నోడి వాటా అన్నకు గిఫ్ట్ రాసేస్తే అన్నే వాడిని చూసుకుంటాడు కదా అన్నారు. జడ్జిగారి ముందు ఆ మాట నిలవదు. వాటా ఎవరి చేతిలోకి పోతుంది, ఖర్చు ఎవరు రాస్తారు, రాసినది ఎవరు చూస్తారు అన్నవే ఆయన అడిగినవి. వీటికి జవాబుగా మేడమ్ పెట్టింది రిజిస్టరైన ఫ్యామిలీ ట్రస్టు. ఇక్కడ ఒక సొగసు ఉంది. చిన్నోడికి దస్తావేజు రాసే శక్తి లేదు. కానీ డీడ్ ప్రకారం పేరు అన్నదే కదా. కాబట్టి రాజీలో ఆ పావు వంతు తాను చిన్నోడి కోసమే పట్టుకుని ఉన్నానని అన్న ఒప్పుకుని, కోర్టు అనుమతితో దాన్ని తానే ట్రస్టీల పేరున రాసిచ్చాడు. "నా పేరు మీద ఉన్నది" అన్న మాట చివరికి ఇలా పనికొచ్చింది.

ట్రస్టు డీడ్ మీద మేం గంటలకు గంటలు కొట్టుకున్నాం. ట్రస్టీలు ముగ్గురు: అన్న, నేను, అక్క కూతురు. చట్టం ప్రకారం ట్రస్టీలంతా కలిసే పనిచేయాలి, ఒక్కరి సంతకంతో ఏదీ కదలదు. ట్రస్టీకి డీడ్‌లో రాసుకుంటే తప్ప జీతమూ ఉండదు. అందుకే చిన్నోడిని చూసుకునే మనిషికి నెలకు ఇంత అని విడిగా ఒక క్లాజు పెట్టించాం. వదిన మొదట, "మా మరిదిని చూస్కోనీకి నాకు పైసలిస్తరా?" అని గయ్యిమంది. రేపు ఆమెకు చేతకాక ఆయాను పెట్టుకోవాల్సొస్తే ఎవరినీ అడుక్కోకుండా ఉండటానికి అని చెబితే ఊరుకుంది. వాడి ఫ్లాటును ట్రస్టీలెవరూ కోర్టు అనుమతి లేకుండా కొనకూడదు, లీజుకు తీసుకోకూడదు. ఇది చట్టంలో ఉన్నదే, అయినా డీడ్‌లో మళ్లీ రాయించాను. చదివేది మా పిల్లలు కదా, చట్టం పుస్తకం తీయరు.

జూనియర్ లాయరు తెచ్చిన డ్రాఫ్టులో రెండు చోట్ల మేడమ్ అడ్డగీత పెట్టారు. ఒకటి, వివాదం వస్తే కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్‌కు (తీర్పు చెప్పే ప్రైవేటు మనిషికి) అన్న క్లాజు. ట్రస్టుల చట్టం కిందికి వచ్చే ట్రస్టీ, లబ్ధిదారుల గొడవలు ఆర్బిట్రేషన్‌కు పోవని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. అయినా నమూనా కాగితాల్లో ఆ క్లాజు ఇంకా తిరుగుతూనే ఉందన్నారు. రెండోది, "ట్రస్టీల విచక్షణ మేరకు ఖర్చు చేయవచ్చు". లబ్ధిదారు ఎవరో, వాటా ఎంతో డీడ్‌లో ఖాయంగా ఉంటే ఆదాయానికి వాడికి పడే పన్నే పడుతుంది. ఎవరికి ఎంతన్నది ట్రస్టీల ఇష్టానికి వదిలితే మామూలుగా గరిష్ఠ రేటు వేస్తారు.

రాజీ డిక్రీ అయింది. ఇద్దరూ ఒప్పుకుని తెచ్చుకున్న డిక్రీ మీద అప్పీలు ఉండదు, అదొక నిశ్చింత. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ట్రస్టు డీడ్ రిజిస్ట్రేషన్ రోజున చిన్నోడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోటో తీసే కెమెరా ముందు తనను కూర్చోబెట్టడం లేదని అలిగాడు. చివరికి అక్కడి ఉద్యోగి ఒకాయన వాడిని కూర్చోబెట్టి ఉత్తుత్తిగా ఒక ఫోటో తీస్తే శాంతించాడు.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఈసారి నలుగురి తరఫున అయింది. మా వాటాకు నాలుగు ఫ్లాట్లు, ఒకటి ట్రస్టు పేరున. అన్న ఇచ్చిన 1,12,500 ట్రస్టు ఖాతాలో మొదటి జమ. ఖాతా తెరవడమే పెద్ద తతంగమైంది. కుటుంబ ట్రస్టు అనగానే కౌంటర్‌లో పిల్ల ధార్మిక సంస్థ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడిగింది. ట్రస్టు పేరున పాన్ కార్డు, డీడ్ కాపీ, ముగ్గురి తీర్మానం పట్టుకెళ్లి మేనేజరుతో మాట్లాడితే గానీ కాలేదు.

లెక్కలు నేనే రాస్తున్నాను. లబ్ధిదారు తరఫు గార్డియన్ అడిగితే ట్రస్టు లెక్కలు చూపించి కాపీ ఇవ్వాల్సిందే. ఎవరూ అడగకముందే ఏప్రిల్‌లో అందరికీ పంపేస్తాను. మొన్నటిదానిలో చిన్నోడి కంటి ఆపరేషన్ ఖర్చు రెండు చోట్ల పడిందని అన్న పట్టుకున్నాడు. చూస్తే అడ్వాన్సు ఒక ఎంట్రీ, ఫైనల్ బిల్లు ఒక ఎంట్రీ. అయినా రసీదులు పంపమన్నాడు, పంపాను.

అక్క మాత్రం ఆ 1,12,500 సంగతి మరిచిపోలేదు. చిట్టీ పాడి ఇచ్చిన డబ్బుకు ఇన్నేళ్ల వడ్డీ కూడా లెక్కకట్టాల్సిందని, నేను అకౌంట్స్ మనిషినై ఉండి కూడా అన్న వైపు మొగ్గానని ఆమె అభిప్రాయం. వడ్డీ మొదలుపెడితే అన్న పీఎఫ్ లోన్ వడ్డీ కూడా వస్తుందక్కా అంటే వినదు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు.